“కన్ను మార్పిస్తే పోదా?” – సున్నం పడ్డ కంటితో నా అనుభవం

ఎడమ కంట్లో సున్నం పడి నేను ఇంట్లో కూర్చున్న రోజుల్లో పలకరించడానికి చాలామంది వచ్చారు. కాసేపు అయ్యో పాపం అనేవారు, టీ తాగేవారు, లేవబోతూ ఒకటే మాట అడిగేవారు: “కన్ను మార్పిస్తే పోదా? ఇప్పుడు నేత్రదానాలు బోలెడు జరుగుతున్నాయిగా!” మంచి మనసుతోనే అడిగేవారు. మొదట్లో నాకూ అది సబబుగానే తోచింది. నల్లగుడ్డు పాడైంది, ఎవరో పుణ్యాత్ములు ఇచ్చిపోయిన నల్లగుడ్డు పెడితే సరి. అలా పెడితే ఎందుకు నిలవదో, దానికంటే ముందు ఏం జరగాలో తెలుసుకోవడానికి ఏడాది పైనే పట్టింది. ఆసుపత్రి వరండాలో నా పక్కన కూర్చున్న ప్రతి కుటుంబంలోనూ ఇదే ప్రశ్న నలుగుతుండేది. అందుకే నాకు జరిగింది జరిగినట్టు రాస్తున్నాను. నేను డాక్టర్ని కాను, సత్తెనపల్లిలో జిరాక్స్, ఆన్‌లైన్ దరఖాస్తుల షాపు నడుపుకునే మనిషిని.

మా సొంతూరు పిడుగురాళ్ళకు దగ్గర. సున్నపు బట్టీల పక్కన పుట్టి పెరిగినవాళ్ళకు సున్నం కొత్తేమీ కాదు. సంక్రాంతి ముందు పాత పెంకుటింటికి వెల్ల వేయించడానికి మా నాన్న గడ్డ సున్నం తెప్పించాడు. ఎన్ని రకాల పెయింట్లు వచ్చినా ఆ మట్టిగోడలకు సున్నమే నప్పుతుందని ఆయన పట్టు. ఇనుప డ్రమ్ములో గడ్డలు వేసి నీళ్ళు పోస్తే అది కుతకుతా ఉడుకుతుంది, పొగలు కక్కుతుంది. చిన్నప్పటినుంచీ చూస్తున్నదే. ఆ రోజు పనికుర్రాడు రెండో బిందె గుమ్మరించగానే అడుగున ఉన్న గడ్డ ఒకటి ఫట్‌మని పగిలి పైకి చిమ్మింది. నిచ్చెన పట్టుకుని నిలబడ్డ నా మొహం మీద పడింది. కుడి రెప్ప వాలడం, ఎడమ కంట్లోకి సున్నం పోవడం ఒక్కసారే జరిగాయి.

తర్వాత ఒక నిమిషం పాటు ఇంట్లో ఎవరి వైద్యం వాళ్ళు చెప్పారు. ఒకరు ఆముదం వేయమన్నారు, ఒకరు చనుబాలు పిండమన్నారు. పక్కింటి ఇంటర్ కుర్రాడు మాత్రం లెక్క ప్రకారం చెప్పాడు: “సున్నం క్షారం కదా, నిమ్మరసం పిండితే విరిగిపోద్ది.” నా అదృష్టం ఏంటంటే అప్పుడు మా మేనమామ అక్కడే ఉన్నాడు. బట్టీలో ముప్పై ఏళ్ళు చాకిరీ చేసిన మనిషి. “నిమ్మకాయ తెచ్చినోడి తల పగలగొడతా” అని ఒక్క అరుపు అరిచి, నన్ను బోరు దగ్గరికి ఈడ్చుకెళ్ళి పడుకోబెట్టాడు. ఇద్దరు కుర్రాళ్ళతో రెప్పలు విడదీయించి, పైపు నీళ్ళు ముక్కు పక్కనుంచి చెవి వైపు పారేలా పట్టాడు. కరెంటు పోతే బిందెలతో పోయించాడు. నేను కాళ్ళు తన్నుకుంటున్నా ఆపలేదు. “అరగంట లోపల ఆపితే ఊరుకోను” అన్నాడు. ఆ అరగంట లెక్క డాక్టర్ల పుస్తకాల్లో కూడా ఉంటుందని నాకు చాలా తర్వాత తెలిసింది.

నిమ్మరసం ఎందుకు వద్దో ఇంటర్ కుర్రాడికి తర్వాత నేనే చెప్పాను. క్షారం, ఆమ్లం కలిస్తే వేడి పుడుతుంది, ఆ వేడి కంట్లోనే పుడుతుంది. నిమ్మరసం తన వంతు కాలుస్తుంది. పైగా కాయ కోసం వెతికినంతసేపూ కంటికి నీళ్ళు ఉండవు. తడి సున్నం పీహెచ్ పన్నెండు దాటి ఉంటుంది. అంత క్షారం తగిలితే కణాల పొరల్లో ఉండే కొవ్వు సబ్బుగా మారిపోతుంది. పొర కరిగితే దారి దొరుకుతుంది, ఆ దారిలో క్షారం ఇంకా లోపలికి దిగుతుంది. ఆసిడ్ పడితే కంటిలోని ప్రోటీన్ గడ్డకడుతుంది, ఆ గడ్డే దాన్ని కొంతవరకు లోపలికి పోనివ్వకుండా ఆపుతుంది. అందుకే ఆసిడ్ కన్నా క్షారానికి కంటి డాక్టర్లు ఎక్కువ భయపడతారు. అమ్మోనియా అయితే నిమిషాల్లో కంటి లోపలి గదికి చేరుతుంది. సున్నం అంత వేగంగా దిగదు కానీ, దాని రవ్వలు రెప్ప మడతల్లో అతుక్కుని గంటల తరబడి పని చేస్తూనే ఉంటాయి.

నా విషయంలో జరిగింది అదే. దారిలో ఒక క్లినిక్‌లో ఆయింట్‌మెంట్ పెట్టి, పట్టీ బిగించి, గుంటూరు వెళ్ళమన్నారు. కడగలేదు. గుంటూరులో డాక్టరమ్మ పట్టీ పీకేసి, పేరూ ఊరూ అడక్కుండానే రెప్ప కింద చిన్న కాగితం ముక్క ఆనించింది. అది ముదురు నీలానికి తిరిగింది. “లోపల ఇంకా ఉంది” అంది. మొద్దుబారే చుక్కలు వేసి, సెలైన్ సీసా తగిలించి, పై రెప్పను తిరగేసింది. అంతటితో ఆగలేదు. తిరగేసిన రెప్పను లోహపు కొక్కెం లాంటి దానితో ఎత్తి ఇంకో మడత తిరగేసింది. మన కంట్లో అంత లోతు మూల ఒకటి ఉందని నాకు అప్పుడే తెలిసింది. దూది పుల్లతో అక్కడ తుడిచి తీసి కుడి కంటికి చూపించింది: పుల్ల చివర పిసరంత తెల్లటి ముద్ద. పొద్దున పడ్డది, మధ్యాహ్నం దాటినా అక్కడే ఉంది. మళ్ళీ సెలైన్, కాసేపు ఆగి మళ్ళీ కాగితం, మళ్ళీ సెలైన్. కాగితం మామూలు రంగులో నిలబడేదాకా నన్ను ఆ బల్ల మీదనుంచి లేవనివ్వలేదు.

అప్పుడు మా ఆవిడ కాస్త ఊపిరి పీల్చుకుని, “కన్ను ఎర్రబడలేదు మేడమ్, తెల్లగానే ఉంది. పర్లేదా?” అని అడిగింది. డాక్టరమ్మ వెంటనే జవాబు చెప్పలేదు. తర్వాత, “ఎర్రగా ఉంటేనే నాకు ధైర్యంగా ఉండేదమ్మా” అంది. కన్ను ఎర్రబడాలంటే రక్తనాళాలు బతికి ఉండాలి. నల్లగుడ్డు చుట్టూ ఉన్న సన్నటి నాళాలు కాలిపోతే అక్కడ కన్ను పాలరాయిలా తెల్లబడుతుంది. ఎంత తెల్లగా ఉంటే అంత చెడ్డ వార్త. ఆ తెలుపును డాక్టర్లు గడియారంలో గంటల లెక్కన కొలుస్తారు. నా కాగితం మీద పన్నెండు గంటల్లో తొమ్మిది గంటల మేర అని రాసింది. ఈ పద్ధతి 2001లో దువా అనే డాక్టర్ ప్రతిపాదించిన వర్గీకరణ. అంతకుముందు 1965 నాటి రోపర్ హాల్ వర్గీకరణ వాడేవారు, ఇప్పటికీ వాడేవాళ్ళున్నారు. పేరు ఏదైనా రెండూ ప్రధానంగా చూసేది ఆ అంచునే.

ఆ అంచు పేరు లింబస్. తెల్లగుడ్డు, నల్లగుడ్డు కలిసేచోట ఒకటి రెండు మిల్లీమీటర్ల వెడల్పున ఉండే వలయం. నల్లగుడ్డు ముందు అద్దంలా ఉండే పొరే కార్నియా. దాని పైపొర నిత్యం రాలిపోతూ, కొత్తది వస్తూ ఉంటుంది. వారం పది రోజుల్లో పొరంతా కొత్తదవుతుంది. ఆ కొత్త కణాలను పుట్టించే మూలకణాలు ఉండేది ఈ వలయంలో. అక్కడ పుట్టి, అంచునుంచి మధ్యకు మెల్లగా జరుగుతాయి. మా పల్నాడు భాషలో చెప్పాలంటే అది కంటికి నారుమడి. నా నారుమడిలో ముప్పాతిక వంతు కాలిపోయింది.

కన్ను మార్పిడి ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. దానం చేసిన కార్నియాను కుడితే దానిమీద పైపొర కూడా వస్తుంది, కానీ ఆ పొర కొద్ది వారాల్లో రాలిపోవాల్సిందే. దాని బదులు కొత్త పొర రావాల్సింది మన లింబస్ నుంచి. మన దగ్గర నారే లేకపోతే వచ్చేదేముంది? అవతలినుంచి తెల్లగుడ్డు మీది పొర రక్తనాళాలతో సహా పాకి వచ్చి ఆ కొత్త కార్నియాను కూడా కప్పేస్తుంది. రక్తనాళాలు వచ్చాయంటే దాత కార్నియాను ఒళ్ళు తిప్పికొట్టే ప్రమాదమూ పెరుగుతుంది. ఒక మనిషి చివరి దానం అలా వృథా అయిపోతుంది. హైదరాబాద్‌లో పెద్ద కంటి ఆసుపత్రికి పంపాక అక్కడి డాక్టర్ ఇది బొమ్మ గీసి చెప్పారు. మధ్యలో ఇంకోచోట “కార్నియా దొరికితే వచ్చే వారమే పెట్టేద్దాం” అన్నారు కానీ, ఆ బొమ్మ చూశాక ఆ దారి మానుకున్నాం.

హైదరాబాద్‌లో మొదటి వారంలోనే కంటి మీద ఉమ్మనీటి సంచి పొర వేశారు. సిజేరియన్ అయిన తల్లుల అనుమతితో మాయతోపాటు తీసుకుని, రక్తపరీక్షలు చేసి, అతి చల్లని పెట్టెల్లో దాచి ఉంచుతారట. చూడటానికి తడిసిన పల్చటి ప్లాస్టిక్ కాగితంలా ఉంది. అది వేశాక మంట నిజంగా తగ్గింది, మొదటిసారి రాత్రి నిద్రపోయాను. వాపును తగ్గించి, ఉన్న కణాలు పాకడానికి నేల ఇస్తుంది. పోయిన మూలకణాలను మాత్రం తిరిగి తేలేదు. ఆ సంగతి ముందే చెప్పారు.

ఇక చుక్కల మందుల సంగతి. మా ఆవిడ ఫోన్లో గంటగంటకూ అలారాలు పెట్టింది. స్టెరాయిడ్ చుక్కలు మొదటి పది రోజులు గంటకోసారి. ఆ తర్వాత గబగబా తగ్గించేశారు. తగ్గించేసరికి మా వాళ్ళకు అనుమానం, మందు పని చేయలేదేమోనని. కారణం వేరు. మొదట్లో వాపును అణచడానికి స్టెరాయిడ్ కావాలి. రెండో వారం దాటాక కార్నియా తన కొల్లాజెన్ (దానికి బలమిచ్చే ప్రోటీన్ పోగులు) తాను నేసుకోవడం మొదలుపెడుతుంది, స్టెరాయిడ్ దాన్నీ ఆపేస్తుంది. అప్పుడు కార్నియా కరిగి పల్చబడి చిల్లు పడే ప్రమాదం ఉంది. కార్నియా మందమంతా కలిపి అర మిల్లీమీటరే, కరగడానికి అక్కడ పెద్దగా ఏమీ లేదు. డాక్సీసైక్లిన్ మాత్ర ఇస్తే అది ఇన్ఫెక్షన్‌కనుకున్నాను. అదీ కొల్లాజెన్‌ను తినేసే ఎంజైములను ఆపడానికట. కనుపాప పెద్దది చేసే చుక్కలు నొప్పికి. కంటి లోపలి ప్రెషర్ పెరగకుండా ఇంకో చుక్క. అది గొంతులోకి దిగి చేదు తగిలేది.

అన్నిటికన్నా వింతగా తోచింది విటమిన్ సి. మాత్రలు పూటకొకటి చొప్పున, మళ్ళీ అదే కంట్లో చుక్కలుగా, ఫ్రిజ్‌లో పెట్టి వాడమన్నారు. జలుబుకు వాడే మాత్ర కంటికేమిటని షాపు షట్టర్ దించాక కంప్యూటర్ ముందు కూర్చుని వెతికాను. కంటి లోపలి నీటిలో విటమిన్ సి రక్తంలో కన్నా ఎన్నో రెట్లు ఎక్కువగా ఉంటుంది. ఆ నీటిని ఊరించే భాగం దాన్ని రక్తంలోంచి లాగి పోగేస్తుంది. క్షారం లోపలికి దిగితే ఆ భాగం దెబ్బతిని, విటమిన్ సి పడిపోతుంది. అది లేకపోతే కొల్లాజెన్ సరిగా తయారవదు. 1970లలో అమెరికాలో ఫిస్టర్ అనే డాక్టరూ ఆయన తోటివాళ్ళూ కుందేళ్ళ కళ్ళ మీద క్షారం వేసి దీన్ని చూశారు. విటమిన్ సి ఇచ్చిన కుందేళ్ళలో కార్నియా పుండు పడటం, చిల్లు పడటం బాగా తగ్గాయి. కుందేలు తన విటమిన్ సి తానే తయారు చేసుకుంటుంది. అలాంటి జంతువుకే కంట్లో కరువొచ్చిందంటే, తయారు చేసుకోలేని మన సంగతి చెప్పేదేముంది. అది చదివిన రాత్రి నాకు మనసు బాగోలేదు. నేను ఒక్క కంటి మంటకే నేలమీద పొర్లాను. ఆ కుందేళ్ళ పుణ్యాన నాకు చుక్కలు వచ్చాయి. దాని గురించి ఏమనుకోవాలో ఇప్పటికీ తేల్చుకోలేదు, చుక్కలు మాత్రం ఒక్క పూటా మానలేదు.

వెళ్ళిన ప్రతిసారీ ఒక పరీక్ష తప్పేది కాదు. నారింజ రంగు కాగితపు పట్టీని తడిపి రెప్ప లోపల అంటిస్తారు. తర్వాత నీలం లైటు వేసి చూస్తారు. పైపొర లేనిచోటల్లా పచ్చగా మెరుస్తుంది. మొదటి ఫొటోలో నా నల్లగుడ్డు దాదాపు మొత్తం పచ్చ. తర్వాతి ఫొటోల్లో ఆ పచ్చమచ్చ ఒక పక్కనుంచి తగ్గుతూ వచ్చింది; బతికిన మూడు గంటల లింబస్ ఉన్న పక్కనుంచి. దానితోపాటు గాజు పుల్లకు జెల్ రాసి రెప్పల లోపల చుట్టూ తిప్పేవారు, రెప్ప గుడ్డుకు అతుక్కోకుండా. అది ఎన్నిసార్లు చేసినా అలవాటవలేదు.

ఒకసారి నీలం లైటులో పచ్చ ఎక్కడా కనిపించలేదు. గాయం మూసుకుంది. మా ఆవిడ అక్కడే మొక్కు మొక్కుకుంది. డాక్టర్ మొహంలో మాత్రం ఆ సంతోషం లేదు. ఫొటో పెద్దది చేసి చూపించారు. అటు మూడోవంతు కార్నియా పొర బాగానే ఉంది. మిగిలినదంతా తెల్లగుడ్డు పొర వచ్చి కప్పేసింది, సన్నటి ఎర్రటి దారాలు వెంటేసుకుని. “గాయం మూయడానికి కార్నియా కణాలు చాలకపోతే, పక్కన ఉన్నవాళ్ళొచ్చి మూసేశారు. మూసింది ఎవరనేదే మనకు ముఖ్యం” అన్నారు. చూపు చేతి వేళ్ళు లెక్కపెట్టగలిగినంతే. వెలుగు పడితే నీళ్ళు కారేవి. షాపులో ట్యూబ్‌లైట్ కింద కూడా నల్ల కళ్ళద్దాలు పెట్టుకునేవాణ్ణి.

“మరి ఆపరేషన్ ఎప్పుడు?” అంటే, కన్ను చల్లబడాలి అన్నారు. వాపు ఉన్న కంట్లో ఏ మూలకణాలు నాటినా చచ్చిపోతాయట. నెలలు గడిచాయి. అన్నిటిలోకీ కష్టమైన కాలం అదే, ఎందుకంటే బయటివాళ్ళకి నేను ఏమీ చేయకుండా ఊరికే కూర్చున్నట్టే కనిపించేది. పల్నాడు ఎక్స్‌ప్రెస్ ఎక్కి, చూపించుకుని, ఇంకా ఆగమంటే వెనక్కి వచ్చేవాణ్ణి. బండి పిడుగురాళ్ళలో ఆగినప్పుడల్లా మా ఆవిడ కిటికీ మూసేసేది.

ఆ ఖాళీలో చదివాను. 1989లో అమెరికాలో కెన్యన్, సెంగ్ అనే ఇద్దరు బాగున్న కంటి లింబస్ నుంచి పెద్ద ముక్కలు తీసి దెబ్బతిన్న కంటికి కుట్టారు. పనిచేసింది, కానీ ఉన్న ఒక్క మంచి కంటి నుంచి అంతంత తీసుకోవడం అంటే భయమే. 1997లో ఇటలీలో పెల్లెగ్రిని బృందం చిన్న పిసరు తీసి, ప్రయోగశాలలో పొరగా పెంచి, ఇద్దరు రోగులకు అమర్చింది. ఆ దారిలోనే యూరప్‌లో 2015లో హోలోక్లార్ అనే మూలకణ చికిత్సకు అనుమతి వచ్చింది. మన హైదరాబాద్‌లో ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో కూడా 2001 నుంచి అలా పెంచి నాటడం మొదలుపెట్టారు. కానీ పెంచడానికి ప్రత్యేకమైన శుభ్రమైన ల్యాబు, మనుషులు, వారాల సమయం, బోలెడు డబ్బు కావాలి. ఆ సదుపాయం ఎన్ని ఊళ్ళలో ఉంటుంది?

2010లో అక్కడే డాక్టర్ వీరేందర్ సాంగ్వాన్ బృందం ల్యాబును పక్కన పెట్టేసింది. తీసిన పిసరును అక్కడికక్కడే ముక్కలు చేసి, నేరుగా రోగి కంటి మీదే పెంచితే సరిపోదా అని చూశారు. 2012లో ఆరుగురి ఫలితాలు ప్రచురించారు. దాని పేరు సింపుల్ లింబల్ ఎపిథీలియల్ ట్రాన్స్‌ప్లాంటేషన్, పొట్టిగా స్లెట్. 2016లో 125 మంది లెక్క వచ్చింది. వాళ్ళలో దాదాపు సగం మంది పిల్లలే. 95 మందికి, అంటే 76 శాతం మందికి, కార్నియా పైపొర రక్తనాళాలు లేకుండా నిలిచింది. ఖర్చు, హడావుడి తగ్గించుకుందామనే ఆలోచన నుంచి పుట్టిన ఆపరేషన్ ఇప్పుడు చాలా దేశాల్లో చేస్తున్నారు. మన రాష్ట్రాల మనిషిగా కాస్త గర్వపడ్డాను, తప్పేముంది.

డాక్టర్ కూడా నాకు స్లెట్టే చెప్పారు. గొడవ మా ఇంట్లో మొదలైంది. ముక్క తీసేది కుడి కంటినుంచి అని వినగానే మా ఆవిడ కుర్చీలోంచి లేచింది. “ఉన్న ఒక్క కన్నూ ముట్టుకోనివ్వను సార్. అది కూడా పోతే మేమేం కావాలి?” అంది. డాక్టర్ కసురుకోలేదు. స్కేలు తీసి రెండు మిల్లీమీటర్ల గీతలు చూపించారు. “రెండు పొడుగు, రెండు వెడల్పు. గడియారంలో ఒక గంట మేర కూడా కాదమ్మా. తీసిన చోట తనంతట తానే మానిపోతుంది” అన్నారు. ఆమె ఆ స్కేలు చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. “నా కంటినుంచి తీసుకోండి” అంది చివరికి. ఇతరులది అయితే ఒళ్ళు తిప్పికొట్టకుండా ఏళ్ళ తరబడి మందులు మింగాలి, నాదే అయితే ఆ బాధ ఉండదని చెప్పి ఆమెను ఒప్పించారు. రెండు కళ్ళూ కాలినవాళ్ళకు ఆ అదృష్టం లేదు, వాళ్ళకు బంధువులదో, చనిపోయినవాళ్ళదో వాడాల్సిందే.

మా పక్క బెంచీలో ఒక తల్లి నాలుగైదేళ్ళ బాబుతో కూర్చుని ఉండేది. ఖైనీలో కలుపుకునే సున్నం ప్యాకెట్ దొరికితే వాడు పిసికి ఆడుకున్నాడు, అది పగిలి కంట్లోకి చిమ్మింది. మన దేశంలో పిల్లలకు ఇలా జరగడం మామూలైపోయింది, డాక్టర్లు ఎన్నేళ్ళుగానో దీని గురించి రాస్తున్నారు. కొట్టులో మాత్రం ఆ ప్యాకెట్లు పిల్లల చేతికందే చోటే వేలాడుతుంటాయి. వాడికి మత్తిచ్చి చేయాలి. నాకు మెలకువగా ఉండగానే చేశారు, కంటి పక్కన ఇంజెక్షన్ ఇచ్చి.

నొప్పి లేదు, మాటలు వినిపిస్తున్నాయి. ముందు నల్లగుడ్డు మీద పేరుకున్న నెత్తుటి పొరను ఒలిచేశారు. గీకుతున్న చప్పుడు తలలో వినిపించింది. రక్తం ఆగేదాకా ఆగి, మళ్ళీ ఉమ్మనీటి పొర పరిచి, ఫైబ్రిన్ అనే జిగురుతో అతికించారు. తర్వాత కుడి కంటి ముక్క. దాన్ని బల్ల మీద పెట్టి చిన్న కత్తెరతో పది దాకా ముక్కలు చేశారు. అటూ ఇటూ తిరగబడకుండా ఒక్కొక్కటే పొర మీద వలయంగా పేర్చారు. కంటిపాప ముందు మధ్యభాగం మాత్రం ఖాళీగా ఉంచారు, చూపుకు అడ్డు రాకుండా. “నాటు అయిపోయిందండీ, జిగురు వేసి లెన్స్ పెట్టేస్తున్నా” అన్నారు డాక్టర్. నా నారుమడి మాట ఆయనకు అంతకుముందే చెప్పాను, గుర్తుపెట్టుకున్నట్టున్నారు. మీద మెత్తటి కాంటాక్ట్ లెన్సు పెట్టారు, రెప్ప రాసుకుని ముక్కలు కదలకుండా. ఆ రాత్రి రెండు కళ్ళకూ పట్టీలు. బాత్రూంకు తమ్ముడు చెయ్యి పట్టుకుని తీసుకెళ్ళాడు. ఆ ఒక్క రాత్రి టెన్షన్ ముందు మిగతా ఏడాది ఏ మూలకూ రాదు.

పట్టీ విప్పాక కుడి కన్ను కాస్త ఎర్రగా, గరగరలాడుతూ ఉంది, అంతే. కొద్ది రోజుల్లో మామూలైంది. ఎడమ కంటి నీలం లైటు ఫొటోలు మాత్రం నేను అడిగి మరీ చూశాను. ప్రతి చిన్న ముక్క చుట్టూ పచ్చదనం లేని చిన్న వలయం. తర్వాతిసారికి ఆ వలయాలు పెరిగి ఒకదాన్నొకటి తాకుతున్నాయి. రెండు వారాలు దాటేసరికి మధ్యలో సన్నటి పచ్చ గీత మిగిలింది, ఆ తర్వాత అదీ లేదు. ఈసారి మూసింది నా కార్నియా కణాలే. లెన్సు తీసేశారు. ఉమ్మనీటి పొర మెల్లగా కరిగిపోయింది. నాటిన ముక్కలు కొన్ని నెలలు అద్దంలో తెల్లటి చుక్కల్లా కనిపించి, తర్వాత కలిసిపోయాయి.

ఇప్పుడు ఎడమ కంటితో బోర్డుల మీద పెద్ద అక్షరాలు చదవగలను, ఎదురుగా వచ్చే మనిషిని పోల్చుకోగలను. ఆధార్ కార్డు మీద అంకెలకు మాత్రం కుడి కన్నే. పైపొర బాగుపడింది కానీ, దాని కింద క్షారం దిగినచోట మచ్చ ఉండిపోయింది. అది ఈ ఆపరేషన్‌తో పోయేది కాదు. కింది మూలలో రెండు ఎర్ర దారాలు కొంచెం ముందుకు వచ్చి ఆగాయి. ప్రతిసారీ ఫొటో తీసి కొలుస్తున్నారు. ప్రెషర్ చుక్కలు పొద్దునా రాత్రీ వేయాలి, బహుశా ఎప్పటికీ. సున్నం వల్ల నీటికాసులు (గ్లకోమా, కంటి ప్రెషర్ పెరిగి వచ్చే జబ్బు) వచ్చే ప్రమాదం మిగతా అన్నీ బాగుపడ్డాక కూడా ఉంటుంది. నొప్పి లేకుండా కంటి నరాన్ని తినేస్తుంది కాబట్టి చుక్కలు ఆపేవాళ్ళే ఎక్కువ నష్టపోతారని డాక్టర్ గట్టిగా చెప్పారు.

కిందటిసారి వెళ్ళినప్పుడు కార్నియా మార్పిడి మాట ఆయనే ఎత్తారు. పైపొరను నిలబెట్టే కణాలు ఇప్పుడున్నాయి కాబట్టి దాత కార్నియా పెడితే నిలిచే అవకాశం ఉందట. మచ్చ ఉన్న పొరల వరకే మార్చి, లోపలి పొరను నాదే ఉంచే పద్ధతి కూడా ఉందన్నారు. మచ్చ వల్ల గరుకైన కంటికి పెద్ద గట్టి లెన్సు ఒకటి పెట్టి చూశారు, రెండు వరుసలు ఎక్కువే చదివాను. మా ఆవిడ ముందు లెన్సు అంటోంది, మేనమామ ఆపరేషన్ అంటున్నాడు. షాపులో అడ్మిషన్ల సీజన్ ముగిసేదాకా లెన్సు వాడతానని చెప్పి వచ్చాను.